కుండను చూసి తెగ పేరు చెప్పగలమా? ఉనా లోయ దహన శ్మశానాలు

(ఒక చరిత్ర సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం. మాట్లాడిన తీరు పోకుండా, చిన్న చిన్న మార్పులతో.)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చి కూర్చున్నందుకు ముందుగా థాంక్స్. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

ఈరోజు విషయం ఇల్లిరియన్ల దహన శ్మశానాల్లో దొరికిన కుండలు. ఇల్లిరియన్లు ఎవరయ్యా అన్న ప్రశ్న మీ ముఖాల్లోనే కనిపిస్తోంది. ఇటలీకి ఎదురుగా, ఏడ్రియాటిక్ సముద్రానికి తూర్పున ఉన్న తీరాన్ని ఊహించుకోండి. ఇవాళ్టి క్రొయేషియా, బోస్నియా, మాంటెనెగ్రో, అల్బేనియా, వాటి వెనక లోతట్టున కొసోవో. క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలో ఆ తీరంలోనూ, దాని వెనక ఉన్న కొండల్లోనూ బతికిన చాలా తెగలను గ్రీకులు, ఆ తర్వాత రోమన్లు కలగలిపి ఇల్లిరియన్లు అన్నారు. ఈ తెగలవాళ్లు తమ భాషలో ఏమీ రాసిపెట్టలేదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, గ్రీకు లాటిన్ రచనల్లో చిక్కుకున్న కొద్ది మాటలు, మనకు మిగిలింది అంతే.

క్రీ.శ. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత, సరిగ్గా ఇల్లిరియన్లు అనదగినవాళ్లు ఫలానా అని చెప్పి, తీరంలో దక్షిణాన ఉన్న ఒక చిన్న గుంపును చూపిస్తాడు. అంటే ఒక చిన్న గుంపు పేరు పెద్ద ప్రాంతానికంతా పాకిందని అప్పటివాళ్లకే తెలుసు. రెండో శతాబ్దంలో అప్పియన్ అనే చరిత్రకారుడు ఇంకో కథ చెబుతాడు. గ్రీకు పురాణాల్లోని ఒంటికన్ను రాక్షసుడు పాలిఫెమస్‌కు, గలాటియా అనే జలకన్యకు ముగ్గురు కొడుకులట: కెల్టస్, ఇల్లిరియస్, గలాస్. ఇల్లిరియస్ పిల్లలు, మనవలు ఒక్కొక్కరు ఒక్కో తెగకు మూలపురుషులట. లెక్క ఎంత బాగా కుదిరిందో చూడండి. ఇంత బాగా కుదిరిన వంశవృక్షాన్ని చూస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

రాత లేని చోట పురావస్తు శాస్త్రవేత్త చేతికి మొదట తగిలేది కుండపెంకు. అందుకే చాలాకాలం కుండను తెగకు గుర్తింపు కార్డుగా చూశారు. ఈ రకం కుండ ఉంటే ఈ జాతి, ఆ రకం ఉంటే ఆ జాతి అన్నారు. నాకు ఆ ధీమా లేదు. కుండను అడగాల్సిన ప్రశ్న అది కాదని నా అభిప్రాయం. చనిపోయిన మనిషి చుట్టూ ఆ రోజు ఎవరేం చేశారో అడిగితే మాత్రం కుండ చాలా చెబుతుంది. అలా చెప్పే చోటు ఒకటి చూద్దాం.

బోస్నియా వాయవ్య మూలలో ఉనా అని ఒక నది ఉంది. దాని ఒడ్డున బిహాచ్ పట్టణం. ఆ లోయలోనూ, పశ్చిమాన క్రొయేషియాలోని లికా ప్రాంతంలోనూ ఉన్న తెగ పేరు యాపోడులు. వాళ్ల గురించి స్ట్రాబో అనే గ్రీకు భూగోళ రచయిత నాలుగు మాటలు రాశాడు. ఆయుధాలు కెల్టుల పద్ధతివి, ఒంటి మీద పచ్చబొట్లు మిగతా ఇల్లిరియన్లలా, థ్రేసియన్లలా ఉంటాయి, నేల సారం లేనిది, ఒక రకం గోధుమా వరిగలూ తిని బతుకుతారు. వరిగల మాట గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది. క్రీ.పూ. 35లో ఆక్టేవియన్, అంటే తర్వాత అగస్టస్ చక్రవర్తి అయినవాడు, వాళ్ల ముఖ్యపట్టణం మెటులుమ్‌ను ముట్టడించాడు. గోడ మీదికి వేసిన వంతెనలు కూలి తనే గాయపడ్డాడు. చివరికి ఊరు దక్కింది కానీ బూడిదగానే దక్కింది. లోపలివాళ్లే నిప్పు పెట్టుకున్నారు.

బిహాచ్ దగ్గర ప్రిటోకా గ్రామంలో యెజెరిన్ అనే చోట పెద్ద శ్మశానం బయటపడింది. తవ్వినవాడు వాత్స్లావ్ రాదిమ్‌స్కీ. ఆయన చెక్ దేశీయుడు, వృత్తిరీత్యా గనుల ఇంజనీరు. 1878 నుంచి బోస్నియా ఆస్ట్రియా-హంగరీ పాలనలోకి వచ్చింది, 1888లో సరాయెవోలో మ్యూజియం పెట్టారు. ఆ మ్యూజియానికి వస్తువులు కావాలి. గనుల శాఖ మనిషికి నేల తవ్వడం, కొలవడం, రాయడం వచ్చు. అలా ఆయన పురావస్తు శాస్త్రవేత్త అయిపోయాడు. యెజెరిన్‌లో 500కు పైగా సమాధులు తవ్వి, 1893లో వివరాలు అచ్చువేశాడు. కొన్నింట్లో శరీరాన్ని పూడ్చారు, చాలావాటిలో కాల్చి అస్థికలను కుండలో పెట్టారు. రెండేళ్లకే, 1895లో ఆయన పోయాడు. తర్వాత దగ్గర్లోనే రిబిచ్ అనే చోట ఇంకో శ్మశానాన్ని వెయ్‌సిల్ చుర్చిచ్ తవ్వాడు. ఈ శ్మశానాలు క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది మధ్యకాలం నుంచి రోమన్ పాలన వచ్చేదాకా నడిచాయి. వీటన్నిటినీ ఒకచోట పెట్టి, దశలుగా విడగొట్టి చూపినవాడు జ్‌ద్రావ్‌కో మారిచ్, 1968లో.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 19వ శతాబ్దపు తవ్వకాల్లో కళ్లన్నీ కంచు మీదే. పిన్నులు, కంకణాలు, వాటితో పాటు అంబర్, అంటే గట్టిపడిన పాతకాలపు చెట్టు జిగురు, పూసలు. యాపోడుల సమాధుల్లో అంబర్ బాగా దొరుకుతుంది. ఎక్కడో బాల్టిక్ సముద్రం నుంచి రావాల్సిన సరుకు అది. మ్యూజియం అద్దాల్లో మెరిసేవి ఇవే. కాలిన ఎముకల ముక్కలు ఎందుకూ పనికిరావని పారేసేవారు. కుండ పూర్తిగా ఉంటే తెచ్చేవారు, పగిలితే అదృష్టం బాగుంటే తెచ్చేవారు. ఎముకలు పోయిన చోట ఆ సంగతులు చెప్పే భారం కూడా కుండ మీదే పడింది.

సరే, కుండలోకి వద్దాం. స్లయిడ్ వెయ్యండి.

ఇది చూడగానే 'ఇంతేనా?' అనిపిస్తుంది. గ్రీకు కుండల్లా బొమ్మల్లేవు, మెరుపు లేదు. గోధుమ, నలుపు కలిసిన రంగు. చేత్తో చేసింది, సారె మీద తిప్పింది కాదు. లోపల వేలు పెట్టి తడిమితే మందం ఒక్క తీరుగా ఉండదు. మెడ కింద మట్టి తాడులా ఒక గీత అతికించి, దాని మీద వేలితో వరసగా నొక్కారు. పక్కన చిన్న బొడిపెలు, పట్టుకోవడానికి చెవులు. పశ్చిమ బాల్కన్ ప్రాంతమంతా ఇనుపయుగంలో ఇలాంటివే. కాబట్టి ఆకారాన్ని బట్టి ఇది యాపోడు, ఇది పక్క తెగ అని గీత గీయబోతే ఇక్కడే కాలు జారుతుంది.

ఆకారాన్ని వదిలేసి మట్టిని చూడండి. పగిలిన అంచును భూతద్దంతో చూస్తే తెల్లటి మెరిసే ముక్కలు కనిపిస్తాయి. అది కాల్సైట్, సున్నపురాయికి చెందిన ఖనిజం. ఏడ్రియాటిక్ తీరం వెనక కొండలన్నీ సున్నపురాయే. కుమ్మరులు కాల్సైట్‌ను దంచి మట్టిలో కలిపేవారు. ఎందుకు? కుండ వేడెక్కినప్పుడు మట్టి వ్యాకోచిస్తుంది. కాల్సైట్ కూడా దాదాపు అంతే వ్యాకోచిస్తుంది. ఇసుకలోని క్వార్ట్‌జ్ అంతకంటే ఎక్కువ పెరిగి కుండలో పగుళ్లు తెస్తుంది. పొయ్యి మీద రోజూ ఎక్కి దిగే వంటకుండకు కాల్సైట్ మంచి స్నేహితుడు. ఆ విద్య ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. సెర్బియాలోని జ్లాకుసా గ్రామంలో మట్టిలో దంచిన కాల్సైట్ కలిపి, చేత్తో తిప్పే సారె మీద కుండలు చేస్తారు. ఆ విద్యను 2020లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కుండల్లో వండిన కూర రుచి వేరని అక్కడివాళ్లు చెబుతారు. జ్లాకుసా కుమ్మరులు ఇల్లిరియన్ల వారసులని మాత్రం నేను అనడం లేదు. రాయి అక్కడే ఉంది, పొయ్యి అవసరం అలాగే ఉంది, కాబట్టి చేతులు అదే పరిష్కారానికి చేరాయి.

కాల్సైట్‌తో ఒక ఇబ్బంది ఉంది. వేడి 700 డిగ్రీలు దాటి పైకి పోయేకొద్దీ అది సున్నంగా మారిపోతుంది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోస్తే పొంగి పొడైపోవడం ఇక్కడున్న పెద్దవాళ్లు చూసే ఉంటారు. కుండ గోడలో జరిగేదీ అదే. కాలిన కుండ చల్లారాక, గాలిలో తేమ తగిలి లోపలి సున్నపు ముక్కలు ఉబ్బుతాయి, పైన పెచ్చులు లేస్తాయి, కొన్నిసార్లు కుండ మొత్తం పిండిలా రాలిపోతుంది. అందుకని కుమ్మరి మంటను అదుపులో పెట్టాలి. మూసిన ఆవం కాదు, నేల మీద కట్టెలు పేర్చి కాల్చే తెరిచిన మంట. వేడి మరీ పెరగకముందే ఆపేయాలి.

ఇప్పుడు చితి దగ్గరికి రండి. ఒక పెద్దమనిషి శరీరం పూర్తిగా కాలాలంటే ఎంత కట్టె కావాలో మనకు వేరే చెప్పక్కర్లేదు, నాలుగైదు క్వింటాళ్లు. చితి నడిబొడ్డులో వేడి 800 డిగ్రీలు దాటిపోతుంది. ఎముక రంగే ఆ సంగతి చెబుతుంది. తక్కువ వేడికి నల్లబడుతుంది, ఇంకొంచెం పెరిగితే బూడిదరంగు, నీలం, బాగా కాలితే సుద్దలా తెల్లగా అవుతుంది.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. కాల్సైట్ కుండ 700 దాటితే దెబ్బతింటుంది, చితి 800 దాటుతుంది. ఇక సమాధిలో అస్థికలున్న కుండ గట్టిగా, పెచ్చులు లేవకుండా ఉందంటే ఆ కుండ చితి మంటల్లోకి వెళ్లలేదు. చితి చల్లారాక, ఎముకలు ఏరాక తెచ్చిన కుండ అది. అదే సమాధిలో పక్కన ఇంకో చిన్న పాత్ర పెంకులు ఉబ్బి, వంకరపోయి, పెచ్చులూడి ఉన్నాయనుకోండి. అది శవంతో పాటు చితి మీద పెట్టింది. ఒకే గుంటలో రెండు పాత్రలు, వాటి మధ్య కొన్ని గంటల తేడా. ఒకటి వీడ్కోలులో వాడింది, ఇంకోటి ఏరుకోవడంలో వాడింది. ఈ తేడా పట్టుకోవడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు, ఓపికగా చూసే కళ్లుంటే చాలు.

ఇంకో ఉపాయం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పగిలిన పాత్రను అతికిస్తున్నప్పుడు పక్కపక్క పెంకులు అంచుకు అంచు సరిగ్గా కలుస్తాయి, కానీ ఒకటి ఎర్రగా, ఒకటి నల్లగా ఉంటుంది. గీత గీసినట్టు విరిగిన చోటే రంగు మారుతుంది. అలా ఎప్పుడవుతుంది? పాత్ర విరిగిన తర్వాత ముక్కలు వేర్వేరు చోట్ల కాలినప్పుడు. ఒక ముక్క గాలి తగిలే మంటలో పడి ఎర్రబడింది, ఒకటి బూడిద కింద గాలి ఆడక నల్లబడింది. అంటే ఎవరో దాన్ని చితి దగ్గర పగలగొట్టారు, లేదా మంటలోకి విసిరారు, లేదా చితి కూలినప్పుడు పగిలింది. మూడింటిలో ఏదో తేల్చడానికి మిగతా సమాధులు చూడాలి. ఒక్క చోటే అయితే ప్రమాదం. పదే పదే అదే రకం పాత్ర అలా పగిలితే అది ఆచారం.

కుండలో ఎంత పెట్టారన్నది కూడా చూడాలి. పెద్దవాళ్ల శరీరం కాలాక మిగిలే ఎముక సుమారు ఒకటిన్నర నుంచి రెండు కిలోల పైదాకా ఉంటుంది. యూరప్ శ్మశానాల్లో తూకం వేసిన చాలా కుండల్లో కిలో కూడా ఉండదు. మిగతాది ఎక్కడికి పోయింది? చితి స్థలంలోనే వదిలేశారు, లేదా పంచుకున్నారు, లేదా నీళ్లలో కలిపారు. అస్థి సంచయనం చేసినవాళ్లకు తెలుసు, ప్రతి ముక్కా ఏరరు. ఇప్పుడు కుండ దొరికితే తవ్వే పద్ధతే మారిపోయింది. కుండకు కట్టు కట్టి, చుట్టూ మట్టితో సహా ఎత్తి, ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీయిస్తారు. తర్వాత ల్యాబ్‌లో పొరపొరగా, రెండేసి సెంటీమీటర్లు తీస్తూ పోతారు. కొన్ని శ్మశానాల్లో పాదాల ఎముకలు అడుగున, పుర్రె ముక్కలు పైన వచ్చాయి. ఏరిన మనిషి కాళ్ల వైపు నుంచి మొదలుపెట్టి తల దాకా నడిచాడన్నమాట. రాదిమ్‌స్కీ కాలంలో ఇలా చేసి ఉంటే! ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఆనాటి చాలామంది కంటే ఆయన నయం.

కుండల మీద మూత కోసం సాధారణంగా ఒక చిప్పనో, రాతిపలకనో వాడారు. కుండలు కూడా చాలావరకు ఇంట్లో వాడే రకాలే. దహనం కోసమే ప్రత్యేకంగా చేయించినవి అని మనం ఊహించుకుంటాం, కానీ మసి పట్టిన వంటకుండలో అస్థికలు పెట్టిన సందర్భాలు యూరప్ అంతటా ఉన్నాయి. ఏ ఇంటి కుండ, ఎవరి కుండ? పోయినావిడ వండిన కుండేనా? ఇంత దూరం వెళ్తే అది కథ అవుతుంది. నేను ఆపేస్తాను, మీరు ఊహించుకోండి.

ఇప్పుడు వరిగల సంగతి. మట్టికుండ గోడలో సన్నటి రంధ్రాలుంటాయి. వండినప్పుడు కొవ్వు, మైనం లాంటివి అందులో ఇంకిపోయి వేల ఏళ్లు ఉండిపోతాయి. పెంకును కొంచెం గీకి, పొడి చేసి, రసాయనాలతో కరిగించి పరీక్షిస్తే పాల కొవ్వో, మాంసం కొవ్వో చెప్పవచ్చు. వరిగల్లో మిలియాసిన్ అనే పదార్థం బాగా ఉంటుంది. అది కుండగోడలో దొరికితే అందులో వరిగలు వండారని గట్టిగా అనుమానించవచ్చు. వరిగలు చైనా వైపు నుంచి యూరప్ చేరింది క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో. యాపోడులు వరిగలు తింటారని స్ట్రాబో రాసిన మాటను, దూరంగా కూర్చున్న పట్నవాసి కొండవాళ్ల గురించి వేసిన ఎత్తిపొడుపుగా చూడవచ్చు, నిజంగానూ చూడవచ్చు. వందేళ్ల క్రితం మ్యూజియం అరలోకి చేరిన మామూలు కుండపెంకు ఇప్పుడు ఆ మాటను పరీక్షకు పెట్టగలదు. దానికి పెంకును మరీ శుభ్రంగా కడిగి ఉండకూడదు, అంతే.

యాపోడుల దగ్గర అందరినీ ఆకట్టుకునేది ఇంకోటి ఉంది. అది కుండ కాదు, కానీ చూపించకుండా వదిలితే మీరు నన్ను వదలరు. ఉనా లోయలో కొన్ని అస్థికల పెట్టెలు మెత్తటి సున్నపురాయితో చేసినవి. వాటి మీద గీసిన బొమ్మలున్నాయి. గుర్రం మీద యోధులు, చేతిలో పానపాత్ర పట్టుకున్నవాళ్లు, వరసగా నిలబడ్డ మనుషులు. వీటి కాలం మీద పెద్ద గొడవ ఉంది. కొందరు క్రీ.పూ. ఐదో శతాబ్దం దగ్గర అంటారు, కొందరు రోమన్ కాలం అంటారు. మధ్యలో నాలుగైదు వందల ఏళ్లు! బొమ్మ శైలిని బట్టి కాలం చెప్పడంలో ఉన్న ప్రమాదం ఇదే. నా దృష్టి ఆ బొమ్మల్లోని చేతుల మీద ఉంటుంది. రాయి మీద తాగుతున్న మనిషి ఉన్నాడు, పక్క సమాధిలో కాలిన చిన్న తాగేపాత్ర పెంకులు ఉంటే, రెండూ ఒకే సన్నివేశం గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

పశ్చిమానికి కొంచెం ప్రయాణం చేద్దాం. క్రొయేషియాలోని ఇస్ట్రియా ద్వీపకల్పం, పుల పట్టణం దగ్గర నెసాక్టియం. ఇది హిస్ట్రి అనే తెగ రాజధాని. వీళ్లు ఇల్లిరియన్లా కాదా అన్నదాని మీద పేచీ ఉంది, నేను అందులో దిగను. క్రీ.పూ. 177లో రోమన్లు ఊరిని ముట్టడించి, పక్కన పారే నదిని దారి మళ్లించారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. లోపలివాళ్లు తమ ఆడవాళ్లనూ పిల్లలనూ చంపి గోడల మీంచి పడేశారట, ఎపులో రాజు కత్తితో పొడుచుకుని చచ్చిపోయాడట. అంతకు ముందరి దహన శ్మశానం తర్వాతి రోమన్ గుడుల కింద ఉంది. 1900 నుంచి తవ్వారు, అల్బెర్తో పుస్కీ 1905లో ప్రచురించాడు. 1981లో మళ్లీ ఒక పెద్ద సమాధి బయటపడితే క్రిస్తినా మిహోవిలిచ్ దాన్ని వివరంగా ప్రచురించింది.

ఉనా లోయ నుంచి ఇక్కడికి రాగానే కుండల రంగు మారిపోతుంది. స్థానిక కుండలున్నాయి, వాటి పక్కనే ఎరుపు నలుపు పట్టీలతో ఉత్తర ఇటలీ ఎస్తే ప్రాంతపు పద్ధతి పాత్రలున్నాయి. వాటికంటే వింతగా, దౌనియా పాత్రలున్నాయి. దౌనియా అంటే ఇటలీ మడమ పైన, సముద్రానికి అవతల, అపూలియా ఉత్తర భాగం. లేత రంగు మట్టి మీద గోధుమ, ఎరుపు రంగులతో రేఖాగణితపు గీతలు. సముద్రం దాటి వచ్చిన పాత్రను తీసుకెళ్లి సమాధిలో పెట్టారు. పోయినవాడు దౌనియావాడా? కాకపోవచ్చు. అతని ఇంట్లో అలాంటి పాత్ర ఉండేది, అది ఉందని నలుగురికీ తెలియాలి, ఆ నలుగురూ అంత్యక్రియల రోజు వస్తారు. అంతవరకూ చెప్పవచ్చు.

వస్తువు పేరు కూడా ఇలాగే మోసం చేస్తుంది. రోమన్ కాలపు తొలినాళ్ల ఒక రకం బట్టపిన్నును పురావస్తు శాస్త్రంలో 'యెజెరిన్ రకం' అంటారు, మొదట బాగా ప్రచురితమైన చోటు అదే కాబట్టి. ఆ పిన్నులు ఉత్తర ఇటలీలో విరివిగా దొరుకుతాయి, ఫ్రాన్స్‌లోనూ ఉన్నాయి. బోస్నియా గ్రామం పేరు యూరప్ అంతా తిరుగుతోంది. ఆ పేరు చూసి యాపోడులు ఫ్రాన్స్ దాకా వెళ్లారని రాస్తే ఎంత నవ్వులాటగా ఉంటుందో ఆలోచించండి.

కానీ అలాంటి రాతలు నిజంగా వచ్చాయి. 20వ శతాబ్దం మొదట్లో గుస్తాఫ్ కొసిన్నా అనే జర్మన్ పండితుడు, ఒక రకం వస్తువులు వ్యాపించిన మేర ఒక జాతి ఉందని గట్టిగా వాదించాడు. ఆ తర్వాత నాజీల చేతిలో ఆ వాదం ఏమైందో మీకు తెలుసు. 1930లలో యూలియస్ పొకోర్నీ అనే భాషావేత్త, మధ్య యూరప్‌లో క్రీ.పూ. 1300 ప్రాంతం నుంచి విస్తరించిన అస్థికుండల సంస్కృతిని ఇల్లిరియన్లకు కట్టబెట్టాడు. నదుల పేర్లు, ఊళ్ల పేర్లు చూపించి సగం యూరప్‌ను ఇల్లిరియన్లతో నింపేశాడు. ఆ సిద్ధాంతం నిలబడలేదు.

ఎందుకు నిలబడలేదో ఆ నేల మీదే కనిపిస్తుంది. ఇల్లిరియన్లని అందరూ ఒప్పుకునే దక్షిణాన, అల్బేనియాలో, సమాధులు ఎక్కువగా మట్టి దిబ్బలు. శరీరాన్ని కాల్చకుండా పూడ్చారు. లోఫ్‌కెండ్ అనే దిబ్బను 2004 నుంచి 2007 దాకా అమెరికా, అల్బేనియా బృందం తవ్వింది. సుమారు 100 సమాధులు, దాదాపు అన్నీ ఖననాలే. బోస్నియాలోని గ్లాసినాత్స్ పీఠభూమి మీద వందలాది దిబ్బల్లో ఖననమూ, దహనమూ కలిసి ఉన్నాయి. ఉనా లోయలో, ఇస్ట్రియాలో దహనం. కాబట్టి కాల్చడం ఇల్లిరియన్ గుర్తు కాదు, పూడ్చడమూ కాదు. ఒకే శ్మశానంలో, ఒకే తరంలో రెండూ జరిగాయంటే, కుటుంబం ఒక నిర్ణయం తీసుకుందన్నమాట. వయసు, హోదా, చావు వచ్చిన తీరు, ఎవరు ఏ ఇంటి పిల్ల, ఏదైనా కావచ్చు.

ఇక్కడ మనవాళ్లు కొందరు ఇంకో దూకు దూకుతారు, నాకు ఫోన్‌లో ఫార్వర్డ్‌లు కూడా వస్తాయి. వాళ్లూ దహనం చేశారు, మనమూ దహనం చేస్తాం, కాబట్టి వాళ్లు మనవాళ్లే అని. దయచేసి వద్దు. దహనం ప్రపంచంలో చాలా చోట్ల విడివిడిగా మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. మన తెలంగాణ బృహత్‌శిలా సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండలకూ, ఈ కుండలకూ ఏ బంధుత్వమూ లేదు. రెండింటినీ చదివే పద్ధతులు మాత్రం ఒకటే. మనవాళ్ల కుండలకు కూడా మిలియాసిన్ పరీక్షలు, సీటీ స్కాన్‌లు ఎక్కువగా జరగాలని నా ఆశ.

చివరగా సాంకేతికంగా జరిగిన రెండు మార్పులు చెప్పి ముగిస్తాను. కాలిన ఎముకలో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోతుంది కాబట్టి కార్బన్ పరీక్షతో కాలం చెప్పలేమని 1990ల చివరి దాకా అనుకునేవారు. తర్వాత, బాగా కాలిన తెల్లటి ఎముకలో మిగిలే కార్బనేట్‌తో కాలం చెప్పవచ్చని తేలింది. ఒక మెలిక ఉంది. ఆ కార్బన్‌లో కొంత చితి కట్టెల నుంచి చేరుతుంది. వందేళ్ల పాత దుంగతో కాల్చితే ఎముక కూడా వయసు ఎక్కువ చూపిస్తుంది. రెండోది, నేల నుంచి తిండి ద్వారా ఎముకలో చేరే స్ట్రాన్షియం అనే మూలకం కాలినా చెక్కుచెదరదు. మనిషి ఏ నేల పంట తిని బతికాడో అది చెబుతుంది. 2018లో, ఇంగ్లండ్‌లోని రాతి వలయం స్టోన్‌హెంజ్‌లో దొరికిన 25 మంది దహనావశేషాలను ఇలా పరీక్షిస్తే కనీసం 10 మంది చుట్టుపక్కల బతికినవాళ్లు కాదని తేలింది. అంటే కుండ స్థానికం, లోపలి మనిషి పరాయి అన్న సందర్భం ఇప్పుడు పట్టుకోవచ్చు. కుండను చూసి మనిషి తెగ చెప్పే పాత పద్ధతికి ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. ఎముకలు పారేసిన పాత తవ్వకాలకు ఈ దారి లేదు. అక్కడ కొత్తగా తవ్వాలి, లేదా మ్యూజియం గోడౌన్‌లో ఎప్పుడూ ఖాళీ చేయని కుండ ఏదైనా మిగిలి ఉందేమో వెతకాలి.

ప్రశ్నలుంటే అడగండి.

సభలోంచి ఒకరు: సార్, కుండలు ఆడవాళ్లు చేశారా, మగవాళ్లు చేశారా?

మంచి ప్రశ్న. చేత్తో చేసిన ఇంటివాడకపు కుండలను ఆడవాళ్లు చేస్తారని, సారె వస్తే మగవాళ్ల వృత్తి అవుతుందని ఒక సాధారణ సూత్రం చెబుతారు. చాలా చోట్ల నిజమే, కానీ జ్లాకుసాలో సారె చేత్తో తిప్పే పనిని సంప్రదాయంగా మగవాళ్లు చేశారు. కాబట్టి సూత్రాన్ని ఉనా లోయ మీద రుద్దకూడదు. మట్టి మీద వేలిముద్రలు మిగులుతాయి. వేలిగీతల మధ్య దూరాన్ని కొలిచి, చేసినవాళ్లు పిల్లలా పెద్దలా, ఆడా మగా అని అంచనా వేసే పద్ధతి ఉంది. మెడ కింద వేలితో నొక్కిన ఆ పట్టీ చూపించాను కదా, దాన్ని అలా కొలవాలి.

ఇంకొకరు: ఇవి ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

యెజెరిన్, రిబిచ్ వస్తువులకు ముఖ్యమైన చోటు సరాయెవోలోని జాతీయ మ్యూజియం. 1990ల యుద్ధంలో అది దాదాపు కాల్పుల సరిహద్దు మీద ఉంది. తర్వాత డబ్బుల్లేక 2012 అక్టోబరులో మూసేశారు, 2015 సెప్టెంబరులో తెరిచారు. ఆ మధ్యకాలంలో ఉద్యోగులు జీతాల్లేకుండా వచ్చి వస్తువులకు కాపలా కాశారు. బిహాచ్‌లో స్థానిక మ్యూజియం ఉంది, నెసాక్టియంవి పులలోని ఇస్ట్రియా పురావస్తు మ్యూజియానివి. వెళ్లేముందు ఏ గది తెరిచి ఉందో ఫోన్ చేసి కనుక్కోండి. సరాయెవోలో అందరూ గ్లాసినాత్స్ కంచు చూసి బయటికొచ్చేస్తారు. మీరు కుండల అర దగ్గర కాసేపు ఆగండి, అంచు విరిగినవాటిలో తెల్లటి కాల్సైట్ చుక్కలు అద్దం బయటి నుంచే కనిపిస్తాయి.